ఓఆర్11ఏ1: మట్టివాసన గ్రాహకం, దాని జన్యువు

నిర్వచనం

ఓఆర్11ఏ1 మనిషి ముక్కు పైభాగంలోని ఘ్రాణపొరలో, కొన్ని నాడీకణాల మీద ఉండే గ్రాహక ప్రొటీన్. దాన్ని తయారుచేసే జన్యువుకూ ఇదే పేరు. జన్యువు ఆరో క్రోమోజోము పొట్టి భుజం మీద, 6పీ22.1 అనే పట్టీలో ఉంది. ప్రొటీన్ గొలుసు పొడవు సుమారు 315 అమైనో ఆమ్లాలు. జియోస్మిన్ అనే సూక్ష్మజీవజన్య పదార్థాన్ని ఈ గ్రాహకం ఎంచి పట్టుకుంటుందని 2024లో జర్మనీ పరిశోధకులు ప్రకటించారు. తొలకరి పడ్డప్పుడు పెదవేగి ఎర్రనేలల్లో లేచే మట్టివాసనలోనూ, కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి చేపల్లో ఒక్కోసారి తగిలే బురద వాసనలోనూ, బీట్‌రూట్ దుంపలోనూ ముఖ్యపాత్ర ఈ జియోస్మిన్‌దే. మొదటి వాసనను జనం కోరి పీలుస్తారు. రెండోది తగిలితే చేపను పక్కన పెడతారు. అణువు ఒకటే, దాన్ని పట్టే గ్రాహకమూ ఒకటే అయినప్పుడు ఇష్టాయిష్టాల తీర్పు గ్రాహకంలో గానీ దాని జన్యువులో గానీ ఉండదన్న నిర్ణయానికి రావలసి ఉంటుంది. వాసన నచ్చడం, నచ్చకపోవడం జన్యువుల్లోనే రాసి ఉంటుందన్న ప్రచారం బాగా ఉంది కాబట్టి ఓఆర్11ఏ1 గురించిన ఆధారాలను ఈ వ్యాసం ఆ కోణం నుంచి కూడా పరిశీలిస్తుంది.

ఆవిష్కరణ చరిత్ర

ఈ కథకు రెండు కొసలున్నాయి. ఒకటి అణువుది, రెండోది గ్రాహకానిది. అణువు ముందు దొరికింది. నేలలోని ఆక్టినోమైసిటీలు అనే సూక్ష్మజీవుల నుంచి మట్టివాసన పదార్థాన్ని అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో గెర్బర్, లెషెవాలియే విడదీసి, 1965లో దానికి జియోస్మిన్ అని పేరు పెట్టారు. అంతకు ఏడాది ముందు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ ఎండిన నేల, రాళ్ల మీద నీరు పడ్డప్పుడు వచ్చే వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టి, నేలలో ఇంకిన నూనెలు దానికి కారణమని చూపారు. తొలకరి వాసన అంటే జియోస్మిన్ ఒక్కటే కాదు. ఈ నూనెల వాటా కూడా అందులో ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టి నుంచి అత్తరు తీసే పరిశ్రమ ఈ పేర్లు పుట్టకముందు నుంచే నడుస్తోంది.

గ్రాహకాల సంగతి బయటపడటానికి మరో పాతికేళ్లు పట్టింది. 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ ఎలుకల్లో ఘ్రాణ గ్రాహకాల జన్యుకుటుంబాన్ని కనుగొన్నారు. దానికి 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. మానవ జన్యుపటం పూర్తయ్యాక మనిషిలో పనిచేసే ఘ్రాణ గ్రాహక జన్యువులు సుమారు 400 ఉన్నాయని, అంతకన్నా ఎక్కువ సంఖ్యలో చెడిపోయి మిగిలిన మిథ్యాజన్యువులున్నాయని తేలింది. జన్యువుల జాబితా చేతికొచ్చింది గానీ ఏది ఏ వాసనను పడుతుందో చెప్పడం తేలిక కాలేదు. ఓఆర్11ఏ1 కూడా చాలాకాలం ఆ జాబితాలో ఒక పేరుగానే ఉండిపోయింది. 2010 దశకంలో ప్రయోగశాల పరీక్షల్లో అది 2-ఇథైల్‌ఫెంకాల్ అనే పదార్థానికి స్పందించింది. అది పరిమళ ద్రవ్యాల తయారీలో మట్టివాసన కోసం వాడే పదార్థం కావడం మంచి ఆనవాలే.

2024లో మ్యూనిక్ దగ్గరి ఫ్రైజింగ్‌లోని లైబ్నిట్స్ ఆహార వ్యవస్థల జీవశాస్త్ర సంస్థలో డీట్‌మార్ క్రౌట్‌వుర్స్ట్ బృందం 616 మానవ గ్రాహక రూపాలను ఒక్కొక్కటిగా కణాల్లో పెట్టి జియోస్మిన్‌తో పరీక్షించింది. సహజంగా ఎదురయ్యే స్థాయిలకు తగినట్టు స్పందించింది ఓఆర్11ఏ1 ఒక్కటే. తర్వాత ఎదురు పరీక్ష చేశారు. ఆహారంలో ముఖ్యమైన 177 వాసన పదార్థాలను ఈ ఒక్క గ్రాహకానికి చూపితే జియోస్మిన్‌కు తప్ప దేనికీ చెప్పుకోదగ్గ స్పందన రాలేదు. ఆ రెండు పరీక్షల్లో రెండోదే బరువైనది. ఒక తాళానికి ఒక తాళంచెవి సరిపోయిందంటే సరిపోదు, మిగతా చెవులు సరిపోవని కూడా చూపాలి.

జన్యువు

పేరులోని అంకెలకూ వాసనకూ సంబంధం లేదు. ఓఆర్ అంటే ఘ్రాణ గ్రాహకం, 11 కుటుంబం, ఏ ఉపకుటుంబం, చివరి 1 అందులో సభ్యుని వరస. అమైనో ఆమ్లాల పోలికను బట్టి కుటుంబాలను విడదీస్తారు. అందుకని ఒకే కుటుంబంలోని గ్రాహకాలు ఒకే తీరు వాసనలను పట్టాలని లేదు. తక్కిన ఘ్రాణ గ్రాహక జన్యువుల మాదిరే దీనిలోనూ ప్రొటీన్ సంకేతమంతా ఒకే ఎక్సాన్‌లో, వెయ్యి అక్షరాలకు కాస్త తక్కువ నిడివిలో, మధ్యలో తెగకుండా ఉంటుంది.

ఉన్న చోటు మాత్రం ఆసక్తికరమైనది. అవయవ మార్పిడిలో దాత, గ్రహీతలకు పొంతన చూసే హెచ్ఎల్ఏ జన్యువులు ఆరో క్రోమోజోము మీదే, దీనికి దగ్గరలో ఉన్నాయి. ఆ సరిహద్దులో ఘ్రాణ గ్రాహక జన్యువుల గుంపు ఒకటి ఉంది, ఓఆర్11ఏ1 అందులోది. కోసిన పచ్చిగడ్డి వాసన పట్టగల శక్తిలో మనుషుల మధ్య తేడాలకు సంబంధించిన ఓఆర్2జే3 కూడా ఆ గుంపులోనే ఉంది. రోగనిరోధక జన్యువుల పక్కనే వాసన జన్యువులుండటం చూసి, జోడీని ఎంచుకోవడంలో వీటికి పాత్ర ఉందేమోనని కొందరు ఊహించారు. మట్టివాసనను పట్టే గ్రాహకం ఆ గుంపులో తేలడం ఆ ఊహకు బలం చేకూర్చే విషయమేమీ కాదు. జన్యువులు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకే పని మీద ఉన్నాయనుకోవడానికి వీల్లేదు.

పనితీరు

ఓఆర్11ఏ1 కణపొరను ఏడుసార్లు దాటుతూ లోపలికీ బయటికీ మడతపడిన ప్రొటీన్. ఇలాంటి నిర్మాణం జీ ప్రొటీన్‌తో జతకట్టే గ్రాహకాలన్నిటికీ ఉమ్మడి. పీల్చిన గాలిలోని జియోస్మిన్ ముక్కులోని జిగురు ద్రవంలో కరిగి, గ్రాహకం మడతల మధ్య ఉన్న గుంటలో కుదురుకుంటుంది. గ్రాహకం ఆకారం కొద్దిగా మారుతుంది. ఆ మార్పును కణం లోపలి జీ ప్రొటీన్ అందుకుని సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థం తయారయ్యేలా చేస్తుంది. దాంతో కణపొరలోని ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది, నాడీకణంలో విద్యుత్ సంకేతం పుడుతుంది. మనిషి ఘ్రాణ గ్రాహకం ఒకటి తన వాసన అణువును పట్టుకుని ఉన్న తీరు మొదటిసారి 2023లో బొమ్మకు చిక్కింది; అది ఓఆర్51ఈ2, ప్రొపియోనేట్‌ల జంట.

సాధారణంగా ఒక ఘ్రాణ నాడీకణం ఒక్క గ్రాహక జన్యువునే, అందులోనూ తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన ఒక్క ప్రతినే వాడుకుంటుంది. ఒకే గ్రాహకం ఉన్న కణాలన్నీ పొరలో అక్కడక్కడా చెదిరి ఉన్నా, వాటి నాడీతంతువులు మాత్రం నుదుటి వెనక ఉన్న ఘ్రాణకందంలో ఒకే చోటికి చేరతాయి. అక్కడిదాకా జరిగేది గుర్తింపు మాత్రమే: ఫలానా అణువు వచ్చింది, ఇంత మోతాదులో వచ్చింది. ఆ కబురు అక్కడి నుంచి జ్ఞాపకానికి, భావోద్వేగానికి సంబంధించిన మెదడు భాగాలకు వెళుతుంది. నచ్చడం, నచ్చకపోవడం అనే మాట మొదలయ్యేది అక్కడ.

జియోస్మిన్: పుట్టుక, మోతాదు

జియోస్మిన్‌లో 12 కార్బన్లు, 22 హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఉంటాయి. మెట్ట నేలల్లో స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు, నీటిలో నీలి ఆకుపచ్చ నాచుగా కనిపించే సయనోబాక్టీరియా దీన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. అవి దీన్ని ఎందుకు తయారుచేస్తాయన్న ప్రశ్నకు 2020లో ఒక జవాబు దొరికింది. స్ట్రెప్టోమైసిస్ బీజాలు ఏర్పడే వేళ విడుదలయ్యే జియోస్మిన్ వాసనకు నేలలోని స్ప్రింగ్‌టెయిల్ అనే చిన్న పురుగులు వచ్చి, ఆ బీజాలను తిని, మోసుకుపోయి వెదజల్లుతాయి. జీవులన్నీ ఈ వాసనకు ఒకేలా మెలగవు. పండ్ల ఈగలో జియోస్మిన్ కోసమే కేటాయించిన ఓఆర్56ఏ గ్రాహకం ఉంది. అది మోగితే ఈగ ఆ తిండి జోలికి వెళ్లదు, అక్కడ గుడ్లు పెట్టదు. డెంగ్యూను మోసే ఈడిస్ దోమ దీనికి విరుద్ధం, గుడ్లు పెట్టడానికి జియోస్మిన్ ఉన్న నీటిని వెతుక్కుంటుంది.

మనిషి ముక్కుకు ఇది ఎంత తక్కువ మోతాదులో తెలుస్తుందో ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. లీటరు నీటిలో సుమారు 10 నానోగ్రాములుంటే చాలామంది పసిగడతారు. కొందరికి అందులో సగం చాలు. 25 ఎకరాల చెరువులో మీటరు లోతు నీరుంటే దాదాపు 10 కోట్ల లీటర్లు. ఆ నీటికంతా ఒక్క గ్రాము జియోస్మిన్‌తో ఈ స్థాయి వస్తుంది. ఈ అణువుకు అద్దంలో ప్రతిబింబంలాంటి రెండు రూపాలుంటాయి. సూక్ష్మజీవులు తయారుచేసే రూపాన్ని మనిషి ముక్కు రెండోదానికన్నా సుమారు పది రెట్లు తక్కువ మోతాదులోనే గుర్తిస్తుంది.

కొల్లేరు చేప: బురద వాసన

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లపు మంచినీటి సరస్సు. చింతలపూడి మెట్ట వైపు నుంచి ఏలూరు మీదుగా వచ్చే తమ్మిలేరు, పడమటి నుంచి బుడమేరు ఇందులో కలుస్తాయి. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా ప్రకటించారు. 2006లో అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పెద్దఎత్తున తెగ్గొట్టింది. అయినా కైకలూరు, ఆకివీడు, ఏలూరు చుట్టూ చేపల సాగు పెద్ద పరిశ్రమగానే ఉంది. ఐసు పెట్టెల్లో నింపిన బొచ్చె, శీలావతి లారీల్లో కోల్‌కతా, అస్సాం దాకా వెళతాయి.

బురద వాసనకు కారణం బురద కాదు. ఎరువులు, కోళ్ల పెంట, తినగా మిగిలిన తవుడు మేత వల్ల చెరువు నీటిలో భాస్వరం, నత్రజని పెరుగుతాయి. ఎండలు ముదిరి నీరు కదలక నిలిచినప్పుడు నీలి ఆకుపచ్చ నాచు పొంగుతుంది. జియోస్మిన్‌లో చాలాభాగం దాని కణాల్లోనే ఉండి, నాచు చచ్చినప్పుడు నీటిలో కలుస్తుంది. చేప దాన్ని మొప్పల ద్వారా గంటల్లో పీల్చుకుని కొవ్వులో నిలవ చేసుకుంటుంది. వదిలించుకోవడానికి మాత్రం రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పొట్ట భాగం కొవ్వుగా ఉన్న పెద్ద చేపలో వాసన ఎక్కువసేపు నిలుస్తుంది. చేప తాజాగా ఉందా, నిలవదా అన్నదానితో దీనికి పనిలేదు. ప్రాణంతో ఉన్న చేపలోనే ఈ వాసన ఉంటుంది. తినేవారి ఆరోగ్యానికి ఈ స్థాయిలో హాని లేదు, అమ్మేవారి ధరకు ఉంది.

ఇక్కడ ఒక సవరణ చేర్చాలి. చెరువు చేప బురద వాసనలో 2-మిథైల్ ఐసోబోర్నియాల్ అనే ఇంకో అణువు కూడా ఉంటుంది. దాన్నీ ఇవే తరహా సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. కనుక బురద వాసన మొత్తాన్ని ఓఆర్11ఏ1 ఖాతాలో వేయడం సరికాదు.

నీచు వాసన: టీఏఏఆర్5

బురద వాసనతో కలిపి చెప్పినా నీచు వాసన పూర్తిగా వేరు. సముద్ర చేపల కండలో ట్రైమిథైల్ అమైన్ ఆక్సైడ్ అనే వాసన లేని పదార్థం దండిగా ఉంటుంది. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైల్ అమైన్‌గా మారుస్తాయి. పాడైన చేప కంపు ముఖ్యంగా దానిదే. మంచినీటి చేపల్లో ఆ ముడిసరుకు చాలా తక్కువ. అందువల్ల ఈ కంపు విషయంలో మచిలీపట్నం రేవు చేపనూ కొల్లేటి శీలావతినీ ఒకే గాటన కట్టకూడదు. కొల్లేటి చేప నిలవపడితే వచ్చే వాసనలో కొవ్వు చెడగా పుట్టే పదార్థాలకు, ఇతర అమైన్లకు ఎక్కువ పాలుంటుంది.

ట్రైమిథైల్ అమైన్‌ను పట్టేది టీఏఏఆర్5. ఇదీ ఆరో క్రోమోజోము మీదే ఉన్నా పొడవు భుజం చివరి వైపు, వేరే కుటుంబంలో ఉంది. ఈ కుటుంబం ముక్కులో పనిచేస్తుందని 2006లో లిబర్లెస్, బక్ చూపారు. మనిషి టీఏఏఆర్5 ట్రైమిథైల్ అమైన్‌కు స్పందిస్తుందని 2013లో తేలింది. 2020లో ఐస్‌లాండ్‌లో పదకొండు వేలకు పైగా జనాన్ని పరీక్షించినప్పుడు, ఈ జన్యువులో 95వ స్థానాన సెరీన్ బదులు ప్రోలీన్ వచ్చే అరుదైన మార్పు ఉన్నవారికి చేప కంపు తక్కువగా తెలిసింది, అంతగా రోత పుట్టించలేదు. కొందరు దాన్ని బంగాళాదుంప అన్నారు, కొందరు కారమెల్ అన్నారు. కణాల్లో చేసిన పరీక్షలకు బతికున్న మనుషుల ముక్కులు సాక్ష్యం చెప్పిన అరుదైన సందర్భమిది. ఓఆర్11ఏ1 పక్షాన ఉన్న సాక్ష్యం ప్రధానంగా కణాలది, జంతువుల గ్రాహకాలది. రెంటికీ ఒకే బరువు ఇవ్వకూడదు.

అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం మోతాదుకు సంబంధించినది. ముక్కు పట్టే స్థాయి లీటరుకు నానోమోల్‌లో ఇరవయ్యో వంతు. కణాల్లో పెట్టిన మనిషి గ్రాహకానికి అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ జియోస్మిన్ కావాలి. మరి ఇదే అసలు గ్రాహకమని ఎలా నమ్మడం? పెంపుడు కణాల్లో ఘ్రాణ గ్రాహకాలు కణపొర దాకా సరిగ్గా చేరవన్నది ఈ రంగంలో పాత సమస్య. పైగా అసలు ముక్కులో వేల కణాల సంకేతాలు ఒకచోట కూడతాయి. కాబట్టి ఇలాంటి పరీక్షలో చూడవలసింది అంకె కన్నా వరస: 616 రూపాల్లో ముందున్నది ఏది? దీనికి తోడు ఎడారిలో బతికే కంగారూ ఎలుకలోని ఇదే గ్రాహకం మనిషిదానికన్నా వంద రెట్లకు పైగా సున్నితంగా ఉంది. ఆరు క్షీరద జాతుల్లో ఈ గ్రాహకం జియోస్మిన్‌కే కట్టుబడి ఉంది. యాదృచ్ఛికంగా కుదిరిన స్పందన అన్ని జాతుల్లో నిలవడం అసంభవం.

రెండో అభ్యంతరం సిద్ధాంతానిది. ఒక వాసనను అనేక గ్రాహకాలు కలిసి గుర్తిస్తాయి, ఒక గ్రాహకం అనేక వాసనలకు స్పందిస్తుంది అన్నది ఘ్రాణశాస్త్రంలో స్థిరపడ్డ మాట. అది చాలా వాసనలకు నిజమే. కానీ అతి తక్కువ మోతాదులో తెలియవలసిన, జీవికి ప్రత్యేకమైన అర్థం ఉన్న కొన్ని అణువులకు ఒక్కో ప్రత్యేక గ్రాహకం ఉండటం ఈగ నుంచి మనిషి దాకా కనిపిస్తోంది. మోతాదు బాగా పెరిగితే జియోస్మిన్‌ను ఇతర గ్రాహకాలూ అందుకోవచ్చు. అందువల్ల సిద్ధాంతానికి వచ్చే లోటేమీ లేదు.

మూడోది ఈ వ్యాసం వాదానికే తగిలే అభ్యంతరం. ఈగలో జియోస్మిన్ గ్రాహకం మోగితే వెనక్కి తగ్గడం పుట్టుకతోనే వస్తుంది. ఐస్‌లాండ్ వారిలో జన్యువు మారితే రోత కూడా తగ్గింది. అప్పుడు ఇష్టాయిష్టాలు గ్రాహకంలో లేవని ఎలా అనగలం? ఈగ సంగతిలో తీర్పు గ్రాహకంలో కాక, దాని తంతువు మెదడులో చేరే మార్గంలో ఉంది. అదే అణువు దోమను రమ్మని పిలవడమే దీనికి నిదర్శనం. ఐస్‌లాండ్ ఫలితంలో తగ్గింది ముందు గుర్తింపు. చేప వాసన అని తెలియనివారికి దాని మీద రోత పుట్టే సందర్భం రాదు. కొత్తిమీర ఉదాహరణ కూడా ఇక్కడికి వస్తుంది. అది సబ్బు వాసన వేస్తుందనేవారిలో ఓఆర్6ఏ2 దగ్గరి జన్యుభేదం కొంత ఎక్కువగా ఉందని 2012లో తేలింది గానీ, అయిష్టంలో అది వివరించగలిగింది చాలా స్వల్ప భాగం. అదే ఏడాది టొరంటోలో జరిగిన మరో అధ్యయనంలో కొత్తిమీర నచ్చనివారు తూర్పు ఆసియా మూలాలవారిలో 21 శాతం కాగా దక్షిణాసియా మూలాలవారిలో 7 శాతమే. చిన్ననాటి నుంచి చారులో, పచ్చడిలో కొత్తిమీర తిన్న అలవాటుకు ఆ తేడాలో వాటా లేదని అనడం కష్టం. మట్టివాసన విషయంలో ఆధారం ఇంకా సూటిగా ఉంది. చేలో నచ్చిన అణువే పళ్లెంలో నచ్చడం లేదంటే, మధ్యలో మారింది జన్యువు కాదు; అది ఎక్కడ ఎదురైందన్నదే.

ప్రయోజనాలు

తాగునీటి సరఫరాలో జియోస్మిన్ పాత ఫిర్యాదు. మామూలు వడపోతకు, క్లోరిన్‌కు లొంగదు. ఉత్తేజిత బొగ్గు, ఓజోన్ వాడాలి. ఓఆర్11ఏ1 తెలిశాక, ముఖ్యంగా కంగారూ ఎలుక గ్రాహకం అంత సున్నితమైనదని తేలాక, గ్రాహకం పెట్టిన కణాలతో నీటిలో, ఆహారంలో జియోస్మిన్‌ను కొలిచే పరికరాలు చేయవచ్చన్న ఆలోచన వచ్చింది. ఇప్పటికి చెరువుల దగ్గర ఆ పని వండి రుచి చూసే మనిషి నోరు, ముక్కే చేస్తున్నాయి.

వంటింటి పద్ధతుల్లో రెండు వాసనలకూ ఫలితం ఒకేలా ఉండదు. చింతపండు పులుసులోని ఆమ్లం ట్రైమిథైల్ అమైన్‌ను ఆవిరి కాని లవణంగా మార్చేస్తుంది. ఉప్పు, పసుపు రాసి కడిగితే చేప పైపొరలో ఉన్నది నీటితో పోతుంది. అందుకే నీచు వాసనకు పులుసు మంచి విరుగుడు. జియోస్మిన్ కొవ్వులో ఇంకి ఉంటుంది, కడిగితే పోదు. గాఢమైన ఆమ్లంలో అది ఆర్గోస్మిన్ అనే వాసన లేని పదార్థంగా మారుతుంది గానీ, పులుసులో ఉండే పులుపుకు ఆ మార్పు కొద్దిగానే జరుగుతుంది. మిగతాది మసాలా కప్పిపుచ్చుతుంది. దీనికి నమ్మకమైన ఉపాయం పట్టుబడికి ముందే ఉంది: చేపను మేత ఆపి, నాచు లేని పారే నీటిలో కొన్నాళ్లు ఉంచడం. ఆ రోజుల్లో చేప కొంత బరువు కోల్పోతుంది. ఆ నష్టం రైతు భరించాలా, బురద వాసన లేని చేపకు కొనేవారు ఎక్కువ ధర ఇస్తారా అన్నదాన్ని బట్టే చెరువుల్లో ఈ పద్ధతి వాడకం ఉంటుంది.